రక్తం ఎక్కించే బిడ్డల గుండెను కాపాడుకుందాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మా సంఘం మీటింగులో మాట్లాడతాను గానీ ఇంతమందిలో మైకు ముందు మాట్లాడటం ఇదే మొదటిసారి. ఏపీఎం గారు "నీ లోను సంగతి, నీ పాప సంగతి రెండూ చెప్పమ్మా, పదిమందికి పనికొస్తది" అన్నారు. అందుకని కాగితం మీద రాసుకొని వచ్చాను. తప్పులుంటే మన్నించండి.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. 2019లో నేను మా సంఘంలో గేదె కొంటానని 40 వేలు లోను తీసుకున్నాను. గేదెను కొనలేదు. ఆ డబ్బు మా పెద్దమ్మాయి మందులకు, స్కానింగుకు పెట్టాను. మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ "పాడి గేదె" అనే ఉంది. ఎందుకలా చెయ్యాల్సి వచ్చిందో చెబుతాను. మా పాప జబ్బు పేరు తలసేమియా.

మా పాప 2009లో పుట్టింది. పుట్టినప్పుడు బాగానే ఉంది. ఆరేడు నెలలు వచ్చేసరికి పాలిపోయి, పాలు తాగకుండా, ఎప్పుడూ ఏడుస్తూ ఉండేది. పొట్ట ఎత్తుగా కనపడేది. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు "రక్తం తక్కువ" అని ఐరన్ టానిక్ రాశారు. రెండు నెలలు పోశాను. పిల్ల ఇంకా తెల్లబడింది. చివరకు పెద్ద ఊరు తీసుకెళితే రక్తపరీక్ష చేసి ఇది తలసేమియా మేజర్ అన్నారు. నాకూ, మా ఆయనకూ ఇద్దరికీ ఆ గుణం రక్తంలో ఉందంట. మేమిద్దరం ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్నాం. అలాంటి వాళ్ళను క్యారియర్లు అంటారు. ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు పూర్తి జబ్బు వచ్చే అవకాశం ఉంటది. నాలుగింట రెండు వంతులు బిడ్డ మనలాగే క్యారియర్ అవుతది. మిగతా ఒక వంతు ఏమీ ఉండదు. ఇది ఒక్కసారి వేసే చీటీ కాదు, ప్రతి కాన్పుకూ మళ్ళీ కొత్తగా వేసినట్టే. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోమాకండి.

మాది మేనరికం. మా ఆయన నాకు సొంత మేనమామ కొడుకు. మేనరికం వల్లే ఈ జబ్బు పుట్టదు. కానీ ఒకే వంశంలో ఆ గుణం తిరుగుతుంటే, ఆ వంశంలోనే పిల్లను ఇచ్చిపుచ్చుకుంటే, రెండూ ఒకచోట కలిసే అవకాశం పెరుగుతది. బయటి సంబంధం చేసుకున్నా రావచ్చు. మన దేశంలో వందమందిలో మూడు నలుగురు ఈ గుణం మోస్తున్నారని డాక్టర్లు చెబుతారు. ఈ హాల్లో మూడు వందల మందిమి కూర్చున్నాం. మీరే లెక్క వేసుకోండి.

ఈ జబ్బున్న పిల్లల ఒంట్లో ఎర్రకణాలు సరిగ్గా తయారుకావు. అందుకని రెండు మూడు వారాలకో, నెలకో ఒకసారి బయటి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రోజు పిల్ల కళకళలాడతది. బడికి పోతది, ఆడుకుంటది. మళ్ళీ మూడో వారానికి వాడిపోతది. మేము ఐదేళ్ళు ఇట్లాగే నడిపాం. రక్తం ఎక్కిస్తే చాలు, పిల్ల బతుకుతది అనుకున్నాం. మేము వెళ్ళే ఆసుపత్రిలో కూడా రక్తం ఎక్కించి పంపేవాళ్ళేగానీ ఇంకో మాట చెప్పలేదు. ఆ ఆసుపత్రి పేరు నేను చెప్పను. వాళ్ళ మీద కోపంతో మాట్లాడటం లేదు. ఎవరూ చెప్పని ఆ మాటే ఈ రోజు చెప్పాలని వచ్చాను.

ఆ మాట ఇనుము గురించి. మనం సంఘం పుస్తకం రాస్తాం కదా, ఒకపక్క జమ, ఇంకోపక్క ఖర్చు. రక్తంలో ఇనుము ఉంటది. ఒక బాటిల్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటది. రక్తం ఎక్కించిన ప్రతిసారీ అంత ఇనుము పిల్ల ఒంట్లో జమ పడతది. మరి ఖర్చు ఎంత? మనిషి ఒళ్ళు రోజుకు ఒకటి, మహా అయితే రెండు మిల్లీగ్రాముల ఇనుమే బయటకు పోగొట్టుకుంటది. అంతకుమించి బయటకు పంపే దారి దేవుడు మనిషికి పెట్టలేదు. నెలకు రెండు బాటిళ్ళు ఎక్కే పిల్లకు నెలలో 400 జమ, ఖర్చు 30. సంవత్సరం తిరిగేసరికి నాలుగు గ్రాములు దాటి మిగిలిపోతది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒళ్ళంతా కలిపితే ఉండే ఇనుము మూడు నాలుగు గ్రాములే. అంటే ఒక్క ఏడాదిలో ఒక మనిషికి జీవితాంతం సరిపోయే ఇనుము అదనంగా వచ్చి చేరినట్టు. పుస్తకంలో జమ పెరిగితే మనకు సంతోషం. ఈ జమ పెరిగితే ప్రాణానికే చేటు.

ఆ ఇనుము మొదట కాలేయంలో పేరుకుంటది. అక్కడ చోటు చాలకపోతే రక్తంలో విడిగా తిరిగి గుండె కండరంలోకి, షుగరును అదుపు చేసే గ్రంథిలోకి, థైరాయిడ్‌లోకి, పిల్లల్ని ఎదిగించే గ్రంథుల్లోకి పోతది. అందుకే కొందరు పిల్లలు పొట్టిగా ఉండిపోతారు, ఆడపిల్లలు సమయానికి పెద్దమనిషి కారు, కొందరికి చిన్న వయసులోనే షుగరు వస్తది. అన్నింటికన్నా ప్రమాదం గుండెది. గుండె కండరంలో ఇనుము చేరితే అది గట్టిగా కొట్టుకోలేదు, కొట్టుకునే లయ తప్పుతది. ఒకప్పుడు తలసేమియా పిల్లలు రక్తం దొరక్క చనిపోయేవాళ్ళు. రక్తం దొరికిన తర్వాత ఎక్కువమంది చనిపోయింది ఈ ఇనుము పట్టిన గుండె వల్లే. రక్తం ప్రాణం నిలబెడతది. ఆ రక్తంతో వచ్చిన ఇనుమును తియ్యకపోతే అదే ప్రాణం తీస్తది. రెండూ చెయ్యాల్సిందే.

ఇనుమును బయటకు తీసే మందులు ఉన్నాయి. పది నుంచి ఇరవైసార్లు రక్తం ఎక్కిన తర్వాత, లేదా ఫెర్రిటిన్ అనే పరీక్షలో 1000 దాటితే, సాధారణంగా రెండేళ్ళ వయసు తర్వాత, డాక్టర్లు ఈ మందులు మొదలుపెడతారు. మా పాపకు మొదలుపెట్టింది ఆరో ఏట. అప్పటికి ఫెర్రిటిన్ 4000 దాటింది.

ఆ మందులు మూడు రకాలు. పేర్లు కష్టంగా ఉంటాయి గానీ మా ఇంట్లో అందరికీ నోటికొచ్చేశాయి. మొదటిది డెస్ఫెర్రియోక్సమిన్. ఇది అందరికన్నా పాత మందు. చిన్న సూది పొట్ట మీద చర్మం కిందకు పెట్టి, చిన్న పంపు మిషనుతో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నెమ్మదిగా ఎక్కించాలి. వారంలో ఐదు నుంచి ఏడు రాత్రులు. పిల్ల నిద్రపోతుంటే పక్కన మిషను నడుస్తూ ఉంటది. రెండోది డెఫెరిప్రోన్ మాత్ర. రోజుకు మూడుసార్లు వెయ్యాలి. గుండెలో ఇనుమును తియ్యడంలో ఇది బాగా పనిచేస్తదని చెబుతారు. మూడోది డెఫెరాసిరాక్స్. రోజుకు ఒక్కసారి. నీళ్ళలో కరిగే మాత్ర అయితే గ్లాసు నీళ్ళలోనో, పండ్ల రసంలోనో కలిపి పరగడుపున తాగించాలి. మింగకూడదు, నమలకూడదు. తాగిన అరగంట తర్వాతే తిండి పెట్టాలి. ఏ పిల్లకు ఏ మందు, ఎంత మోతాదు అనేది బరువును బట్టి, రిపోర్టులను బట్టి డాక్టరు చెప్పాలి. పక్కింటి పిల్లకు ఇచ్చిన మందు మన పిల్లకు వెయ్యకూడదు.

ఇక నా లోను సంగతి. 2018లో మాకు మిరపలో నష్టం వచ్చింది. బయట అప్పులు, బ్యాంకు లింకేజీ వాయిదా, స్త్రీనిధి వాయిదా అన్నీ మీద పడ్డాయి. ఎక్కడో ఒకచోట తగ్గించాలి. రక్తం మానితే పిల్ల రెండు వారాల్లో పడిపోతది, కంటికి కనపడతది. మాత్ర మానితే ఏమీ కనపడదు. ఆ నెల మాత్రలు కొనలేదు. పిల్ల బాగానే ఉంది. రెండో నెల కూడా కొనలేదు. ఇట్లా ఏడెనిమిది నెలలు గడిచిపోయాయి. సంఘానికి వాయిదా ఒక్కటి కూడా తప్పలేదు. పిల్ల మందు మాత్రం తప్పింది. తీర్మానాలు రాసే చేత్తో నేనే ఆ పని చేశాను.

2019లో పాపకు పదేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం అంటుంటే రక్తం తక్కువై అనుకున్నాను. ఈసారి వేరే డాక్టరు గారు చూసి ఫెర్రిటిన్ చేయించారు. 5200 వచ్చింది. గుండెకు ఎకో తీస్తే బాగానే ఉందని వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం "అమ్మా, ఎకో బాగున్నంత మాత్రాన గుండెలో ఇనుము లేదని కాదు, ఎకోలో కనపడేసరికి ఆలస్యమైపోతది. టీ2 స్టార్ అనే ఎమ్మారై స్కానింగు తియ్యాలి, హైదరాబాదు వెళ్ళండి" అన్నారు.

ఈ స్కానింగు గురించి ప్రతి తలసేమియా బిడ్డ తల్లికీ తెలియాలి. మామూలు ఎమ్మారై మిషనులోనే ప్రత్యేకంగా లెక్కకట్టి గుండెలో, కాలేయంలో ఎంత ఇనుము ఉందో చెబుతారు. నొప్పి ఉండదు. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటది. నంబరు ఎక్కువ ఉంటే మంచిది, తగ్గితే ప్రమాదం. గుండెకు 20 దాటితే బాగున్నట్టు. 10 నుంచి 20 మధ్య ఉంటే ఇనుము చేరిందని. 10 కన్నా తగ్గితే గుండె దెబ్బతినే ప్రమాదం బాగా ఎక్కువ. మామూలుగా ఎనిమిది పదేళ్ళ వయసు నుంచి ఈ స్కానింగు మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు ఏడాదికో, రెండేళ్ళకో తియ్యాలి. ఫెర్రిటిన్ మూడు నెలలకోసారి చూడాలి. ఫెర్రిటిన్ ఒక ఖాతా పాసుబుక్కు లాంటిది. గుండెది వేరే ఖాతా. ఒకదాంట్లో తక్కువ ఉందని రెండోదాంట్లోనూ తక్కువ ఉన్నట్టు కాదు. జ్వరం, ఇన్‌ఫెక్షను ఉన్నా ఫెర్రిటిన్ పెరిగి చూపిస్తది. అందుకే ఒక్క రిపోర్టు చూసి కంగారు పడొద్దు, ఒక్క రిపోర్టు చూసి ధీమాగానూ ఉండొద్దు. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో వరుసగా పెట్టుకోవాలి.

మా పాప గుండె నంబరు 8 వచ్చింది.

ఆ స్కానింగుకు, చార్జీలకు, తర్వాత మందులకు తీసుకున్నదే ఆ గేదె లోను. జబ్బుకు అని అడగటానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే పదేళ్ళుగా సంఘంలో ఎవరికీ ఈ జబ్బు సంగతి చెప్పలేదు. ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి, వంశానికి మాట వస్తది అని మా అత్తగారు చెప్పనివ్వలేదు. నేనూ చెప్పలేదు. రక్తం ఎక్కించడానికి వెళ్ళిన ప్రతిసారీ మా పుట్టింటికి అని చెప్పేదాన్ని.

లోను ఇచ్చిన మూడో నెలలో ఓబీ సభ్యులు ఇద్దరు గేదెను చూడటానికి ఇంటికి వచ్చారు. మా అమ్మవాళ్ళ ఊళ్ళో కట్టేశాం అన్నాను. సాయంత్రం వేళ అది. లోపల పాపకు పంపు పెట్టి ఉంది. మా లీడరు అక్క మంచినీళ్ళు అడుగుతూ లోపలికి వచ్చి చూసింది. పిల్ల పొట్ట దగ్గర సూది, పక్కన మిషను. ఆమె ఏమీ అనలేదు. బయట అరుగు మీద కూర్చొని "ఎన్నాళ్ళ నుంచే ఇది?" అని అడిగింది. పదేళ్ళ నుంచి అన్నాను. ఆ రోజు నేను ఏడ్చినంత నా పెళ్ళైన తర్వాత ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాతి మీటింగులో విషయం చర్చకు వచ్చింది. ఒకామె "ఇట్లా అబద్ధం చెప్పి తీసుకుంటే రేపు అందరూ అట్లాగే చేస్తారు, రూలు రూలే" అంది. ఆమె అన్నది న్యాయమే. నేను తలవంచుకున్నాను. చివరకు ఇట్లా తీర్మానం చేశారు. డబ్బు నేను పూర్తిగా కట్టాలి, వాయిదా సగం చేసి గడువు రెట్టింపు చెయ్యాలి. ఇక మీదట మా సంఘంలో ఎవరైనా జబ్బుకు లోను అడిగితే జబ్బుకే అని రాయాలి, గేదె అని రాయకూడదు, దానికి అంతర్గత అప్పుల్లోంచి కొంత విడిగా పెట్టాలి. ఇంకో షరతు కూడా పెట్టారు. ప్రతి మీటింగుకు పొదుపు డబ్బుతో పాటు పాప మాత్రల అట్ట కూడా తేవాలి, ఎన్ని వేశామో చూపించాలి. మొదట అవమానంగా అనిపించింది. రెండు నెలల తర్వాత మా పాపే ఆ అట్ట పట్టుకొని మీటింగుకు వచ్చేది. "పిన్నీ, ఈ వారం ఒక్కటీ తప్పలేదు" అని చూపించేది. ఆ అప్పు పైసాతో సహా కట్టేశాను. ఆ తర్వాత రెండేళ్ళకు వాళ్ళే నన్ను లీడరును చేశారు.

డాక్టరు గారు రాత్రి పంపు, పగలు డెఫెరిప్రోన్ మాత్ర రెండూ కలిపి ఇచ్చారు. గుండెలో చేరిన ఇనుము కాలేయంలో దానిలా తొందరగా పోదు, సంవత్సరాలు పడతది, మధ్యలో మానితే మళ్ళీ మొదటికి వస్తది అని చెప్పారు. 2022లో నంబరు 15 అయ్యింది. మాకు పండగ. అదే ఏడు ఒకరోజు బియ్యం డ్రమ్ము జరిపి ఊడుస్తుంటే వెనకాల ముప్పై దాకా మాత్రలు పడి ఉన్నాయి. అప్పుడు పాపకు పదమూడేళ్ళు. కడుపులో తిప్పుతుందని, ఒంటేలు ఎర్రగా వస్తుంటే సిగ్గుగా ఉందని, తోటిపిల్లలు ఎవరూ మాత్రలు వేసుకోరు నేనొక్కదాన్నే ఎందుకని మాత్రలు పారేసింది. నేను చెయ్యి ఎత్తాను. కొట్టలేదు. నేను డబ్బు లేక ఎనిమిది నెలలు మానిపించాను, అది సిగ్గుతో నెల మానింది. దాన్ని కొట్టే హక్కు నాకెక్కడిది?

డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన నన్ను బయట కూర్చోమని పాపకే స్కానింగు బొమ్మలు చూపించి మాట్లాడారు. ఒంటేలు ఎర్రగా రావడం అంటే ఇనుము బయటకు పోతున్నట్టేనని చెప్పారు. అప్పటి నుంచి మాత్రలు పాపే చూసుకుంటది. క్యాలెండరులో తనే టిక్కు పెడతది. పిల్లలు పెద్దవుతుంటే మందు వాళ్ళ చేతికి ఇవ్వాలి, మనం పక్కనుండి చూడాలి. 2024లో నంబరు 21 వచ్చింది. ఫెర్రిటిన్ 1300. ఇంకా తగ్గాలి. మందు ఆపలేదు, ఆపకూడదు కూడా. ఈ ఏడాది మా పాప పదో తరగతి పాసైంది. వాళ్ళమ్మ ఎంత చదివిందో అంత చదివింది. ఇంకా చదువుతానంటుంది.

ఇప్పుడు మీరు ఇంటికి తీసుకెళ్ళాల్సిన మాటలు కొన్ని చెబుతాను.

ఒకటి. డెఫెరిప్రోన్ వేసుకునే బిడ్డకు జ్వరం వచ్చినా, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు వచ్చినా ఆ మాత్ర వెంటనే ఆపి, అదే రోజు రక్తంలో తెల్లకణాల లెక్క చేయించాలి. కొద్దిమందికి ఈ మందు వల్ల తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు చిన్న జ్వరం కూడా ప్రాణం మీదకు తెస్తది. మామూలు రోజుల్లో కూడా డాక్టరు చెప్పినట్టు ఆ పరీక్ష చేయిస్తూ ఉండాలి. మా పాపకు ఒకసారి జ్వరం వస్తే ఊళ్ళో సూది వేయిస్తే సరిపోతది అన్నారు. నేను ఒప్పుకోక ఆటో కట్టించుకొని పరీక్షకు వెళ్ళాను. లెక్క బాగానే ఉంది. ఆటో డబ్బులు పోతే పోనీ. డెఫెరాసిరాక్స్ వాడే పిల్లలకు కిడ్నీ, కాలేయం పరీక్షలు చేయిస్తుండాలి. కంటిచూపు, చెవి వినికిడి ఏడాదికోసారి చూపించాలి.

రెండు. గుండెదడ, ఆయాసం, కాళ్ళ వాపు, కళ్ళు తిరిగి పడిపోవడం, కుడిపక్క డొక్కలో నొప్పి, ఇవి ఉంటే రేపు చూద్దాం అనకుండా పెద్ద ఆసుపత్రికి పోవాలి. ఇవి వచ్చేదాకా ఆగకూడదనే నేను ఇంతసేపు మాట్లాడుతుంది.

మూడు. రక్తం ఎక్కించే పిల్లలకు ఐరన్ టానిక్కులు, ఎర్ర మాత్రలు ఇవ్వకూడదు. బళ్ళో మాత్రలు పంచే రోజున టీచరుకు ముందే చెప్పాలి. సి విటమిన్ మాత్రలు కూడా సొంతంగా వెయ్యొద్దు, మోతాదు మించితే ఇనుము కదిలి గుండెకు చేటు చేస్తది. మేక కాలేయం, ఇనుప మూకుడులో వంట తగ్గించాలి. అన్నంతో పాటు పాలు కలపని టీ తాగితే తిండిలో ఇనుము ఒంటికి తక్కువ పడతదని మా డాక్టరు గారు చెప్పారు. కానీ పథ్యంతో ఇనుము బయటకు పోదు, మందే తీస్తది. పసరు మందులు పోస్తామనే వాళ్ళను నమ్మమాకండి. ఇక్కడ ఒక జాగ్రత్త. నా మాట విని మామూలు ఆడపిల్లలు, గర్భిణులు ఎర్ర మాత్రలు మానొద్దు. మనలో చాలామందికి వచ్చే రక్తహీనత వేరు, ఈ జబ్బు వేరు. మాత్ర వేసినా రక్తం పెరగకపోతే అప్పుడు పరీక్ష అడగండి.

నాలుగు. పిల్లకు, పిల్లాడికి సంబంధం ఖాయం చేసే ముందు జాతకాలు చూస్తాం, పొలం చూస్తాం. దాంతోపాటు హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చూడండి. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. పెళ్ళైపోతే గర్భం రాకముందు, గర్భం వస్తే మూడో నెల లోపలే భార్యకు చేయించి, ఆమె క్యారియర్ అయితే భర్తకు కూడా చేయించాలి. ఇద్దరూ అయితే పదో వారం నుంచి కడుపులో బిడ్డకు పరీక్ష చేసే వీలుంది. మా చెల్లెలికి మేమట్లాగే చేయించాం. ఆమె క్యారియర్, ఆమె భర్త కాదు. ఇద్దరు పిల్లలూ హాయిగా ఉన్నారు. మా మరిది మాత్రం ఇప్పటికీ పరీక్షకు రానంటున్నాడు. ఆయనకు వచ్చే నెల సంబంధం చూడటానికి వెళుతున్నాం. నేను ఊరుకోను. ఆ ఇంటి ఆడపిల్లకు మా ఇంటి సంగతి చెప్పే తీరుతాను.

ఐదు. మన హక్కులు తెలుసుకోవాలి. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్ళకు రక్తం ఉచితంగా ఇవ్వాలని 2014లోనే జాతీయ రక్తమార్పిడి మండలి చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ మూడు జబ్బులూ చేర్చారు, కాబట్టి సర్టిఫికెట్టుకు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో తలసేమియా వాళ్ళకు పింఛను ఉంది, సచివాలయంలో అడగండి. తోబుట్టువు మూలుగు సరిగ్గా కలిస్తే మూలుగు మార్పిడితో జబ్బు పూర్తిగా పోయే అవకాశం ఉంది. దానికి కోల్ ఇండియా డబ్బుతో నడిచే తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల దాకా సాయం 2017 నుంచి ఇస్తున్నారు. మా పాపకు తమ్ముడిది కలవలేదు. మీ పిల్లలకు కలవచ్చు. గుండె, కాలేయం పాడవకముందు చేస్తేనే ఫలితం బాగుంటది. అందుకు కూడా ఇనుము తియ్యాల్సిందే.

ఏజెన్సీ మండలాల అక్కచెల్లెళ్ళు కూడా ఈ పుస్తకం చదువుతారని తెలిసింది. మీ దగ్గర సికిల్ సెల్ ఎక్కువ. 2023 జూలై నుంచి కేంద్రం సికిల్ సెల్ పరీక్షలు చేయిస్తుంది, చేయించుకోండి. సికిల్ సెల్ పిల్లలకు కూడా రక్తం పదేపదే ఎక్కిస్తుంటే ఇనుము చేరతది. "ఫెర్రిటిన్ ఎంత ఉంది డాక్టరు గారూ" అని మీరే అడగండి.

చివరగా మండల సమాఖ్యకు నా మనవి. ఈ మహాసభలో మూడు తీర్మానాలు చెయ్యమని అడుగుతున్నాను. మొదటిది, ప్రతి గ్రామ సంఘంలో జబ్బు లోనుకు జబ్బు లోను అనే పద్దు పెట్టాలి, ఏ తల్లీ దానికి గేదె అని పేరు పెట్టాల్సిన అవసరం రాకూడదు. రెండోది, మన సభ్యుల ఇళ్ళలో పెళ్ళికి ముందు ఆ రక్తపరీక్ష చేయించేలా సంఘం మీటింగులో అడగాలి. మూడోది, మన ఇళ్ళల్లో 18 ఏళ్ళు దాటి, 45 కేజీలు పైన ఉండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పేర్లు రాసి రక్తదాతల పట్టిక తయారుచెయ్యాలి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులిస్తే రక్తం దొరకదు. ఆ నెలల్లో మా పాపలాంటి పిల్లలు బ్లడ్ బ్యాంకు మెట్ల మీద కూర్చొని ఎదురుచూస్తుంటారు.

మా పాప ఈ రోజు ఇక్కడికే వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. నేను ఈ సంగతులన్నీ చెబుతానంటే ముందు వద్దంది. తర్వాత "మాత్రలు డ్రమ్ము వెనక వేసింది కూడా చెప్పు, ఇంకెవరన్నా అట్లా చేస్తుంటే మానేస్తారు" అంది. అందుకే చెప్పాను.

 పదేళ్ళు దాచిన నేను ఇక దాచను. మీ ఊళ్ళో ఇలాంటి బిడ్డ ఉన్న తల్లి ఎవరైనా ఉంటే మీటింగు అయ్యాక నా దగ్గరకు తీసుకురండి. ఫైలు నా సంచిలోనే ఉంది, కూర్చొని ఇద్దరం చూద్దాం.